మీ వాడి పేరున్న రాయి దగ్గరికి ఎలా వెళ్ళాలి: ఢిల్లీ యుద్ధ స్మారకానికి వచ్చే మన ఊళ్ళ కుటుంబాల కోసం

ఢిల్లీ వచ్చాక ఇండియా గేట్ మీద మీ వాడి పేరు వెతక్కండి. అక్కడ ఉండదు. 1971లో పోయినవాడిదైనా, శాంతి సేనతో శ్రీలంక వెళ్ళి తిరిగి రానివాడిదైనా, కార్గిల్‌లో నేలకొరిగినవాడిదైనా పేరు చెక్కింది ఆ పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలో. ఇండియా గేట్ నుంచి తూర్పుగా నడిచి, నేతాజీ విగ్రహం ఉన్న రాతి మండపం దాటితే ఆ తోట మొదలవుతుంది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. దాదాపు 40 ఎకరాలు. ప్రవేశానికి రూపాయి కూడా అక్కర్లేదు.

నేను సైన్యంలో క్లర్కుగా చేసి రిటైరై ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. ఉద్యోగమంతా పేర్లు, నంబర్లు, రికార్డులతోనే గడిచింది. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి ఎవరైనా వస్తున్నారంటే తోడు వెళ్తుంటాను. డబ్బు కూడబెట్టుకుని అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు ఇండియా గేట్ ముందు ఫొటో దిగి, తలెత్తి ఆ రాళ్ళ మీద కొడుకు పేరు కోసం చూసి, కనపడక వెనక్కి వెళ్ళిపోయారని వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ళు వెతికిన పేరు అక్కడికి పది నిమిషాల నడకలో ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

పొరపాటు పడటంలో వాళ్ళ తప్పేమీ లేదు. 1972 జనవరి 26 నుంచి 50 ఏళ్ళ పాటు అమర్ జవాన్ జ్యోతి వెలిగింది ఇండియా గేట్ కిందే. టీవీలో ప్రధానమంత్రి దండలు పెట్టడం చూసిందీ అక్కడే. 2022 జనవరి 21న ఆ జ్యోతిని తెచ్చి కొత్త స్మారకంలోని జ్యోతిలో కలిపారు. ఇండియా గేట్ రాతి మీద ఉన్నవి తెల్లవాళ్ళ కాలపు పేర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, మూడో అఫ్గాన్ యుద్ధంలోనూ పోయిన 13 వేల మందికి పైగా సైనికులవి. 1921లో పునాది వేసి 1931లో ప్రారంభించిన కట్టడం అది. మీ ముత్తాత ఆ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటుంటే, ఆయన పేరు కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో వెతకండి. ఏ దేశంలో, ఏ స్మారకం మీద, ఎన్నో పలక మీద పేరుందో అందులో చెప్తుంది. ఆయన పేరు ఇరాక్‌లోని బస్రాలోనో ఫ్రాన్సులోనో ఉండవచ్చు, ఇండియా గేట్ మీదే ఉండవచ్చు.

ఊళ్ళో ఉండగానే చేసుకోవాల్సిన పని

అన్నిటికన్నా ముఖ్యం నంబరు. ఆర్మీ నంబరు లేకుండా రైలెక్కకండి. అది పెన్షన్ కాగితం మీద, అంటే పీపీవో మీద ఉంటుంది. జవాన్లకైతే అంకెల చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అదీ రాసుకోండి. ఆఫీసర్లకు ముందు ఐసీ లాంటి అక్షరాలు వస్తాయి. పీపీవో బ్యాంకులో ఇచ్చేశామంటారా, బ్యాంకు వాళ్ళను జిరాక్స్ అడగండి. పాత ఉత్తరాల మీద ఫ్రమ్ అడ్రసులో కూడా నంబరు, హోదా, యూనిట్ ఉంటాయి. ఫీల్డు నుంచి జవాను రాసే ప్రతి ఉత్తరం మీదా అవి రాయాల్సిందే. ట్రంకు పెట్టె అడుగున ఆ ఇన్‌లాండ్ కవర్లు దొరికితే సగం పని అయిపోయినట్టే.

నంబరుతో పాటు నాలుగు ముక్కలు ఒక కాగితం మీద రాసుకోండి: హోదా, రెజిమెంటు, బెటాలియన్, పోయిన తేదీ. ఏ ఆపరేషన్‌లో పోయాడో తెలిస్తే అదీ రాయండి. కశ్మీరులో పోయినవాళ్ళ కాగితాల్లో ఎక్కువగా ‘ఆపరేషన్ రక్షక్’ అని ఉంటుంది. కార్గిల్ అయితే ‘విజయ్’, సియాచిన్ అయితే ‘మేఘదూత్’, శ్రీలంక అయితే ‘పవన్’. ఈ మాటలు రికార్డు కాగితాల్లో అలాగే ఉంటాయి కాబట్టి ఇక్కడ అడిగేటప్పుడు పనికొస్తాయి.

తర్వాత పేరు. స్మారకం వెబ్‌సైటులో అమరుల పేర్లు వెతుక్కునే వీలుంది. ఊళ్ళో డిగ్రీ చదివే పిల్లాడెవరైనా ఫోనులో చూసి పెడతాడు. కానీ ఇక్కడే మనవాళ్ళు ఆగిపోతుంటారు. భర్తీ రోజున పేరు రాసుకున్న హిందీ క్లర్కుకు అప్పలనాయుడు అంటే ఏమిటో, సన్యాసిరావు అంటే ఏమిటో తెలియదు. చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ఆ రాతే సర్వీసు అంతా నడుస్తుంది, చివరికి రాయి మీదికీ అదే వస్తుంది. మా ఆఫీసులో ఫైళ్ళు తిరగేసేటప్పుడు ఇలాంటివి ఎన్నో చూశాను. రాములు ‘రామ్లు’ అవుతాడు. లక్ష్మణరావులో కేఎస్‌హెచ్ పోయి ఎక్స్ వస్తుంది. శ్రీనివాసులో ముందున్న ఎస్‌హెచ్, ఎస్ రెండింట్లో ఏది రాశారో చెప్పలేం. వెంకట రమణ ఒక ముక్కగా ఉంటుంది, లేదా రెండు ముక్కలుగా. ఇంటిపేరు ఒకరికి మొత్తం ఉంటుంది, ఇంకొకరికి ఒక్క అక్షరం, మరొకరికి అసలే ఉండదు. కాబట్టి మొత్తం పేరు కొట్టి ‘లేదు’ అనగానే నిరాశపడకండి. పేరులో మూడు నాలుగు అక్షరాలే కొట్టి వచ్చిన జాబితా అంతా చూడండి. రెజిమెంటును బట్టి, తేదీని బట్టి మీ వాడిని గుర్తుపట్టండి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు. అప్పుడు నంబరు ఒక్కటే తేల్చేది.

‘మా వాడు యుద్ధంలో పోలేదు కదా బాబూ, ఉంటాదా?’ అని చాలామంది తల్లులు నన్ను అడిగారు. ఉంటుందమ్మా. కుప్వారా అడవిలో ఉగ్రవాదుల కాల్పుల్లో పోయినా, సియాచిన్ మంచులో పోయినా, ఆపరేషన్‌లో పోయినట్టు సైన్యం లెక్కల్లో ఉంటే ఆ గోడ మీద అందరితో సమానంగానే ఉంటుంది. ఆరంభించిన రోజు నాటికే 25,942 పేర్లున్నాయి అక్కడ. 1947 తర్వాత దేశం కోసం సరిహద్దు మీద పోయినవాళ్ళు, దేశం లోపల పోయినవాళ్ళు, పరాయి దేశంలో శాంతి కోసం వెళ్ళి పోయినవాళ్ళు, అందరూ అందులోనే. 2020 జూన్ 15న గల్వాన్‌లో పోయిన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు పేరు, ఆయనతో పాటు పోయిన జవాన్ల పేర్లు మరుసటి ఏడు చేర్చారు. అంటే గోడ పెరుగుతూనే ఉంది. పెద్ద యుద్ధం కాదు కాబట్టి లెక్కలోకి రాడేమో అన్న బెంగ పెట్టుకోకండి.

ఒక్క తేడా మాత్రం ముందే తెలుసుకుని రండి. ఇది సైన్యం, నౌకాదళం, వాయుసేన వాళ్ళది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, పోలీసు శాఖలో పోయినవాళ్ళ పేర్లు ఇక్కడ ఉండవు. వాళ్ళకు చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం ఉంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఎప్పుడు రావాలి

అక్టోబరు చివర నుంచి నవంబరు, లేదా ఫిబ్రవరి, మార్చి. మే, జూన్‌లలో పెద్దవాళ్ళను తీసుకురావద్దు. ఇదంతా రాతి నేల, ఆరుబయలు. మధ్యాహ్నం పాదం మోపలేం. డిసెంబరు, జనవరిలో మంచు వల్ల రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. పైగా జనవరిలో రిపబ్లిక్ డే రిహార్సల్స్‌తో ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ మూసేస్తారు. జనవరి మధ్య నుంచి నెలాఖరు దాకా, ఆగస్టు 15 ముందు వారం అసలు పెట్టుకోకండి.

విశాఖ వైపు వాళ్ళకు ఏపీ ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్ వైపు వాళ్ళకు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ స్టేషన్‌కే వస్తాయి. అక్కడి నుంచి ఆటో తేలిక. మెట్రోలో అయితే సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగినా, సుప్రీంకోర్టు స్టేషన్‌లో దిగినా మళ్ళీ కొంత దూరం ఉంటుంది. పెద్దవాళ్ళుంటే ఆటోనే ఎక్కించండి. ‘ఇండియా గేట్’ అనకుండా ‘నేషనల్ వార్ మెమోరియల్’ అని చెప్పండి, లేకపోతే ఇండియా గేట్ దగ్గర జనంలో దింపేస్తాడు. భోజనానికి అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది, దగ్గరే. మూడు రోజులుగా రొట్టెలతో విసిగిన పెద్దవాళ్ళకు అక్కడ అన్నం, పప్పు, ఆవకాయ చూడగానే ప్రాణం లేచొస్తుంది.

నా సలహా: మధ్యాహ్నం భోంచేసి, మూడు మూడున్నరకు లోపలికి వెళ్ళండి. పేరు చూసుకోవడానికి వెలుతురు ఉంటుంది, సాయంత్రం కార్యక్రమానికీ ఉండిపోవచ్చు. సంచులు తనిఖీ చేస్తారు కాబట్టి సామాను గదిలోనే వదిలేయండి. మీ వాడి ఫొటో, ఆ కాగితం, ఆధార్ కార్డు, మంచినీళ్ళు చాలు.

లోపల

స్మారకం గుండ్రంగా, ఒక వలయం లోపల ఇంకో వలయంగా ఉంటుంది. నాలుగు చక్రాలు. నడిమధ్యన అమర చక్రం, అక్కడ పదిహేనున్నర మీటర్ల స్తంభం, కింద ఆరని జ్యోతి. దాని చుట్టూ వీరతా చక్రం. ఆ తర్వాత త్యాగ చక్రం, పేర్లుండే గోడలన్నీ ఇందులోనే. అన్నిటికీ బయట రక్షక చక్రం, అంటే వరసలుగా నాటిన చెట్లు. కాపలా నిలబడ్డ జవాన్లని ఆ చెట్ల భావం. ఆరు వందలకు పైగా ఉంటాయి. త్యాగ చక్రాన్ని చక్రవ్యూహం ఊహతో కట్టారు, మన భారతంలో అభిమన్యుడు చొచ్చుకెళ్ళిన పద్మవ్యూహమన్నమాట. పేరు ఎక్కడుందో తెలియకుండా ఆ వంపు గోడల మధ్య తిరిగితే నిజంగానే దారి దొరకదు. అన్నీ ఒకేలాంటి గ్రానైట్ పలకలు, అన్నిటి మీదా బంగారు రంగు అక్షరాలే.

కాబట్టి గోడల దగ్గరికి నేరుగా పోకండి. ముందు పేరు వెతికే టచ్ స్క్రీన్ దగ్గరికి వెళ్ళండి. ఎక్కడుందో తెలియకపోతే యూనిఫారంలో ఉన్నవాళ్ళను అడగండి. హిందీ రాకపోయినా ఫరవాలేదు. మీ వాడి ఫొటో చూపించి కాగితం చేతికివ్వండి. అమరుడి కుటుంబమని తెలిసిన మరుక్షణం వాళ్ళు మీతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ‘మాతాజీ’ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన కుర్ర జవాన్లను చూశాను.

పలాస వైపు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. స్క్రీన్ మీద ఒకే పేరుతో రెండు వచ్చాయి. పెద్దాయన చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన పీపీవో జిరాక్స్ విప్పాడు. మడత పడ్డ చోట ఒక అంకె చెరిగిపోయింది. దాన్ని ఒళ్ళో పరుచుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి పైకి చదువుతుంటే నేను స్క్రీన్ మీద చూసి ‘ఆఁ’ అంటూ వచ్చాను. చెరిగిన అంకె దగ్గర ఆగకుండా చదివేశాడాయన. కాగితం చూసి కాదు, కంఠతా వచ్చు. రాయి దగ్గరికి వెళ్ళాక ఆయన పక్కకు జరిగి భార్యను ముందుకు పంపాడు. ఆమెకు చదువు రాదు. ‘ఇదేనేటి బాబూ?’ అంది. అవునమ్మా అన్నాను. చీర కొంగుతో ఆ పలక తుడిచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చూపుడు వేలితో ఒక్కొక్క గీతా దిద్దింది. మళ్ళీ మొదటి నుంచి దిద్దింది.

తొందర పెట్టకండి. వెంట వచ్చిన పిల్లలు అది చూద్దాం ఇది చూద్దాం అంటారు. వాళ్ళను ఎవరికైనా అప్పజెప్పి, పెద్దవాళ్ళను ఆ రాయి దగ్గర ఉన్నంతసేపు ఉండనివ్వండి. ఇంత దూరం వచ్చింది దానికే. ఫొటో తీసేటప్పుడు దూరం నుంచి ఒకటి తీయండి, గోడ అంతా వచ్చేలా, పేరు ఎక్కడుందో ఊళ్ళో వాళ్ళకు తెలిసేలా. దగ్గర నుంచి ఒకటి, అక్షరాలు చదవగలిగేలా. ఎండ గ్రానైట్ మీద పడి తళుక్కుమంటే అక్షరాలు రావు. ఒకళ్ళు పక్కన గొడుగో తువ్వాలో అడ్డం పెడితే చక్కగా వస్తాయి. గోడ పేరు, వరస కాగితం మీద రాసుకోండి, ఈసారి ఇంకెవరైనా వస్తే నేరుగా వెళ్ళొచ్చు.

రాతికి పసుపు, కుంకుమ పూయాలని, అగరొత్తులు వెలిగించాలని, కొబ్బరికాయ కొట్టాలని మనవాళ్ళకు ఉంటుంది. అక్కడ కుదరదు. ముందే ఇంట్లో చెప్పి తీసుకురండి, అక్కడ కాపలా వాళ్ళు వారిస్తే ఆ తల్లి మనసు చివుక్కుమంటుంది. పూలు తెస్తే ఎక్కడ పెట్టాలో వాళ్ళనే అడగండి.

పేరు చూసుకున్నాక ఓపికుంటే వీరతా చక్రంలో మన సేనల ఆరు పోరాటాల మీద శిల్పి రామ్ సుతార్ చేసిన ఆరు కంచు శిల్పాలు చూడండి: తిథ్వాల్, రెజాంగ్ లా, గంగాసాగర్, లోంగేవాలా, ట్రైడెంట్, మేఘదూత్. పిల్లలుంటే రెజాంగ్ లా దగ్గర ఆగండి. 1962 నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్ కంపెనీలో 114 మంది లద్దాఖ్ చలిలో చైనా సైన్యంతో పోరాడుతూ పోయారు. విశాఖ వాళ్ళయితే ట్రైడెంట్ దగ్గర ఆగాలి. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ రేవు మీద మన నావికాదళం చేసిన దాడి అది. బీచ్ రోడ్డులో నేవీ డే జరిపేది ఆ రోజు గుర్తుగానే.

పక్కనే పరమ యోధ స్థల్. 21 మంది పరమవీర చక్ర గ్రహీతల కంచు విగ్రహాలు. అందులో ఇద్దరి దగ్గరికి నేను తప్పకుండా తీసుకెళ్తాను. కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా, 1961 డిసెంబరు 5న ఐక్యరాజ్య సమితి తరఫున కాంగోలో పోరాడుతూ పోయాడు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్, 1987 నవంబరు 25న శ్రీలంకలో. ఇద్దరూ మన నేల మీద కాక పరాయి నేల మీద పోయారు. శ్రీలంకలో కొడుకును పోగొట్టుకున్న ఇళ్ళల్లో ‘ఎవరి కోసం పోయాడు మా వాడు?’ అన్న ప్రశ్న ఇన్నేళ్ళయినా ఆరలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ దేశం పంపితే వెళ్ళాడు, దేశం తన అత్యున్నత శౌర్య పురస్కారం ఇచ్చినవాళ్ళలో ఆ యుద్ధంలో పోయినవాడూ ఉన్నాడు, మీ వాడి పేరు ఆ ఆవరణలోనే ఉంది అని ఆ విగ్రహం దగ్గర నిలబెట్టి చెప్తాను.

సూర్యాస్తమయానికి ముందు అమర చక్రం దగ్గరికి వచ్చేయండి. రోజూ సాయంత్రం ఒక అమరుడి కుటుంబ సభ్యులు పుష్పగుచ్ఛం ఉంచుతారు. బ్యూగుల్ మోగుతుంది. ఆ రోజు మీ వంతు కాకపోయినా నిలబడి చూడండి. మీకూ ఆ అవకాశం కావాలంటే ముందుగా మీ వాడి రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు, లేదా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఉత్తరం రాసి అడగండి. మీ అంతట మీరు వచ్చి ఆ రోజే కావాలంటే దొరకదు.

పేరు కనపడకపోతే

ముందు స్పెల్లింగులన్నీ మార్చి మార్చి చూడండి. అయినా లేకపోతే అసలు ప్రశ్న ఒకటి ఉంది: మీ వాడి మరణాన్ని సైన్యం ‘బ్యాటిల్ క్యాజువల్టీ’గా, అంటే పోరులో పోయినట్టుగా నమోదు చేసిందా, లేదా? డ్యూటీలో ఉండగా జబ్బు చేసి పోయినవాళ్ళు, రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్ళు మామూలుగా ఆ లెక్కలోకి రారు. ఇది చెప్పడం కష్టమే. కానీ తెలియకుండా ఢిల్లీ దాకా వచ్చి గోడల మధ్య ఏడవడం కన్నా ఊళ్ళో ఉండగానే తెలుసుకోవడం మంచిది. పీపీవోలో ఏ రకం ఫ్యామిలీ పెన్షన్ అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ‘లిబరలైజ్డ్’ అని, అంటే ఆపరేషన్‌లో పోయినవాళ్ళ కుటుంబాలకిచ్చే రకమని ఉండి కూడా పేరు కనపడకపోతే మీరు గట్టిగా అడగాల్సిందే.

అడగాల్సింది రికార్డ్ ఆఫీసును. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు (ఇంజనీర్ల దళం) బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఈఎంఈకి సికింద్రాబాద్, బిహార్ రెజిమెంటుకు దానాపూర్. వాయుసేన రికార్డులు ఢిల్లీ సుబ్రతో పార్కులో, నావికులవి ముంబైలో. ఉత్తరంలో పైన నంబరు, హోదా, పేరు, యూనిట్ ఒకే వరసలో రాయండి. కింద పోయిన తేదీ, స్థలం, మీకు అతనితో చుట్టరికం. కథంతా రాయకండి. పీపీవో జిరాక్స్, మీ ఆధార్ జిరాక్స్ జతపరిచి స్పీడ్ పోస్టులో పంపండి. ఒక నకలు జిల్లా సైనిక సంక్షేమ అధికారికి ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఆ ఫైళ్ళ మధ్య ఏళ్ళు గడిపినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను: నంబరు సరిగ్గా ఉన్న ఉత్తరం టేబుల్ మీద ఆగదు, నంబరు లేనిది కదలదు.

ఇక సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, పోలీసు కుటుంబాల వాళ్ళు చాణక్యపురిలో శాంతి పథ్ దగ్గర ఉన్న జాతీయ పోలీసు స్మారకానికి వెళ్ళాలి. 2018 అక్టోబరు 21న ప్రారంభించారు. అక్కడి శౌర్య కుడ్యం మీద ప్రారంభం నాటికి 34,844 పేర్లున్నాయి, స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి విధుల్లో పోయిన పోలీసు సిబ్బందివి. దంతేవాడలో, మన ఏజెన్సీలో పోయినవాళ్ళ కుటుంబాలు వార్ మెమోరియల్‌కు వచ్చి ఖాళీ చేతులతో వెళ్ళడం చూడలేక ఈ ముక్క ప్రత్యేకంగా రాస్తున్నాను. రెండు చోట్లకూ మధ్య ఆటోలో అరగంట పట్టదు. అక్కడ కూడా ఫోర్స్ నంబరు, బెటాలియన్, పోయిన ఏడు కాగితం మీద రాసుకుని వెళ్ళండి.